బోనాలు దారి మార్చుకున్న ఏడాది

నార్సింగిలో కుళాయి రాకపోయినా, కరెంటు పోయినా, ఎవరింటి బర్రె తప్పిపోయినా ముందు నాకు చెప్పేవాళ్ళు. ఒక దినపత్రికలో స్థానిక వార్తలు వేసే జోన్ పేజీకి మా ఊరి వార్తలు రాసి పంపే పని నాది. దాన్ని ఉద్యోగం అనలేను. ఆఫీసు లేదు, కుర్చీ లేదు. ఇంటిపని చేసుకుంటూనే ఫోన్‌లో టైపు చేసి, ఫొటో జతచేసి డెస్క్‌కు పంపేదాన్ని. ఉచిత కంటి శిబిరం, బడిలో మొక్కలు నాటడం, డ్రైనేజీ పొంగడం, గుడి కమిటీకి కొత్త కార్యవర్గం, ఇవీ నా వార్తలు. నగరం మా దాకా పెరిగి చుట్టూ మేడలు ఎంత పైకి లేచినా వాటి నడుమ మా పాత ఊరు ఇంకా ఊరిలాగే ఉంది. ఎవరి ఇల్లు ఎక్కడో, ఎవరి కోడలు ఏ ఊరి పిల్లో అందరికీ తెలుసు. అందుకే ఒక్క ముక్క తప్పు రాసినా మర్నాడు మా గుమ్మం ముందు నిలబడేవాళ్ళు. ఒకసారి మంచినీళ్ళు మంగళవారం వస్తాయని రాస్తే బుధవారం వచ్చాయి. బిందెలు పట్టుకుని వచ్చిన ఆడవాళ్ళకు జవాబు చెప్పలేక ఆ రోజంతా తలుపు వేసుకుని కూర్చున్నాను.

నాది మొదటి నుంచీ భయపడే గుణమే. మా ఆయన ఐటీ కంపెనీల క్యాబ్ నడుపుతాడు. ఆయన ఇంటికి రావడం కొంచెం ఆలస్యమైతే చాలు, రింగు రోడ్డు మీద ఏ ప్రమాదం జరిగిందోనని ఫోన్ చేస్తూనే ఉంటాను. అందుకని ఇప్పుడు చెప్పబోయే సంగతిలో నా భయం ఎంత, నిజంగా ఉన్న ప్రమాదం ఎంత అన్నది అప్పట్లో నాకే సరిగా అర్థం కాలేదు.

మా ఇంటి వెనక పెరటిగోడకు అవతల ఒక పెద్దమ్మ ఇల్లు. వరసకు పెద్దమ్మ కాదు, ఊరి వరస. భర్త పోయాక సాయంత్రాలు ఇంటి ముందు అరుగు మీద పొయ్యి పెట్టి జొన్నరొట్టెలు చేసి అమ్మేది. సెక్యూరిటీ గార్డులు, హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళు వచ్చి నిలబడి తినేవాళ్ళు. ఉన్న ఒక్క కూతురూ బాచుపల్లిలో ఉంటుంది. తన దగ్గరికి వచ్చెయ్యమని ఎన్నిసార్లు పిలిచినా పెద్దమ్మ వెళ్ళలేదు.

ఆమె గుమ్మం ముందు సన్నని గల్లీ. గల్లీకి అటువైపు ఒకప్పుడు జామతోట ఉండేది. దాన్ని ఎవరో కొన్నారు, నీలం రేకులు అడ్డం కట్టారు, లోపల సెల్లార్ కోసం తవ్వడం మొదలుపెట్టారు. మట్టి అయిపోయి బండ తగిలాక రోజూ మధ్యాహ్నం పేల్చేవాళ్ళు. ముందు సైరన్ మోగేది. అది వినగానే గూటిలోని గాజు గ్లాసుల్ని చేత్తో పట్టుకుని నిలబడడం మాకందరికీ అలవాటైపోయింది. పేలుడు అయ్యాక మళ్ళీ ఎవరి పనిలో వాళ్ళం పడిపోయేవాళ్ళం.

ఆషాఢంలో వానలు మొదలైన వారమే పెద్దమ్మ పెరటిగోడ మీద నుంచి పిలిచింది.

“బిడ్డా, జర ఇటు రా. ఒక ముచ్చట చూపిస్త.”

వెళ్ళాను. ముందు గదిలో బీరువా పక్కన తగిలించిన బట్టలు తీసి గోడ చూపించింది. పైకప్పు దగ్గర మొదలై గచ్చు దాకా ఒక పగులు. నా చిటికెన వేలు అందులో పట్టింది. పగులుకు అటూ ఇటూ సిమెంటు పూసి ఉంది. తనే పూసుకుందట. ఆ సిమెంటు మధ్యలో మళ్ళీ చీలింది.

“ఎప్పటి నుంచి పెద్దమ్మా?”

“ఎండాకాలంల వెంట్రుక లెక్క ఉండె. వానలు పడ్డంక గిట్లయింది.”

నేను ఫోన్ తీశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఫోన్ కిందికి దించింది.

“ఫొటో వద్దు. పేపర్ల రాయకు. నీకు చూపిస్తే జర ధైర్యంగ ఉంటదని పిలిచిన, అంతే.”

“రాస్తేనే కదా ఎవరన్నా వచ్చి చూసేది?”

“వస్తరు. వచ్చి ఏమంటరు? ఇల్లు పాతదైంది, ఖాళీ చెయ్యుమంటరు. గుంత తవ్వినోల్లను ఏమనరు, నన్నే లేపుతరు. నేను యాడికి పోవాలె?”

ఊళ్ళో అలా ఖాళీ చేయించిన ఇళ్ళు మాకు తెలియనివి కావు. రాయనని మాట ఇచ్చాను. ఇచ్చి, గల్లీలోకి వచ్చి నిలబడితే అంతదాకా నేను చూడనిది కనిపించింది. సిమెంటు రోడ్డు మీద, నీలం రేకుల పొడవునా, ఇంకో పగులు. అది రేకుల పక్కన కాదు, గల్లీ నడిమధ్యలో ఉంది. రేకుల వైపు ఉన్న రోడ్డు ముక్క కొద్దిగా కిందికి వంగినట్టు కూడా అనిపించింది. అలా అనిపించిందా, నిజంగా వంగిందా అని నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోయాను.

సైట్ గేటు దగ్గరికి వెళ్ళి ఇంజినీరును కలవాలని అడిగాను. వచ్చినతను చిన్నవాడు. ఆంధ్రా వైపు మాట, ఎంతో మర్యాద.

“అలాంటిదేం లేదండి. మట్టి జారకుండా చుట్టూ ఇనుప స్తంభాలు దింపామండి. మీరు కంగారు పడకండి.”

“గల్లీల రోడ్డు పగిలింది. ఒకసారి వచ్చి చూస్తరా?”

“సిమెంటు రోడ్డుకి పగుళ్ళు మామూలేనండి. అయినా పై వాళ్ళకి చెప్తాను.”

అతను మాట్లాడుతున్నంతసేపూ గేటు సందులోంచి లోపలికి చూశాను. గుంత అడుగున పసుపురంగు నీళ్ళు నిలిచి ఉన్నాయి. మోటారు పెట్టి తోడుతున్నారు. గల్లీ వైపు మట్టిగోడ నిలువుగా ఉంది. దాని మీద అక్కడక్కడా తడి మచ్చలు. నాకు ఇంజినీరింగ్ తెలియదు. కానీ ఆ గోడ మీదనే మా పెద్దమ్మ గల్లీ ఉందన్న సంగతి అటు నుంచి చూసేదాకా నా బుర్రకు ఎక్కలేదు.

వచ్చే ఆదివారం మా ఊరి బోనాలు. ఊరేగింపు ఆ గల్లీలోంచే పోచమ్మ గుడికి వెళ్తుంది. డప్పులు, పోతరాజు, ఫలహారం బండి, వాటి వెనక తలల మీద బోనాలతో ఊరి ఆడవాళ్ళంతా. గల్లీలో ప్రతి గడప ముందూ అమ్మవారి ఘటం ఆగుతుంది, పసుపునీళ్ళలో వేపాకు వేసి అమ్మకు సాక పోస్తారు. అంతమంది ఆ పగులు మీద నిలబడి డప్పులకు అడుగులేస్తారు. ఆ దృశ్యం కళ్ళముందు నుంచి పోలేదు. అన్నం కలుపుకుంటున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

గుడి కమిటీ పెద్దను నేను కాకా అని పిలుస్తాను. మా నాన్నతో కలిసి తిరిగినవాడు. ఆయన దగ్గరికి వెళ్ళి, ఈ ఒక్కసారికి ఊరేగింపును బడి రోడ్డు మీదుగా తిప్పమని అడిగాను. ఆయన అప్పుడే మామిడి తోరణాలకు మనిషిని మాట్లాడుతున్నాడు.

“ఏం మాట్లాడుతున్నవ్ బిడ్డా? మా తాత కాలం నుంచి అమ్మ అదే బాటల పోతది. ఇయ్యాల రోడ్డు పగిలిందని మారుస్తమా?”

“రోడ్డు కాదు కాకా, రోడ్డు కింద మట్టి.”

“నువ్వు చూసినవా మట్టి?”

చూశానని చెప్పాను. ఆయన గొంతు తగ్గించాడు.

“ఆ సైటోల్లే ఈసారి లైట్లు, టెంట్లు పెడుతున్నరు. ఇప్పుడు లేని లొల్లి ఎందుకు? నీకు చిన్నప్పటి నుంచి ఫికర్ ఎక్కువ.”

ఆ చివరి మాట నిజం కాబట్టే నన్ను ఎక్కువ గుచ్చింది. ఇంటికి వచ్చి మా ఆయనతో చెప్పాను. ఆయన బూట్లు తొడుక్కుంటూ విన్నాడు.

“పెద్దమ్మ ఇంటి సంగతి రాయనన్నవ్, సరే. రోడ్డు ఊరిది కదా. రోడ్డు గురించి రాయి,” అన్నాడు.

ఆ ఆలోచన నాకెందుకు రాలేదో తెలియదు. వెంటనే రాశాను. గల్లీలో రోడ్డు పగిలిందని, పక్కనే లోతైన తవ్వకం ఉందని, బోనాల ఊరేగింపు అటే వెళ్తుందని, అధికారులు చూడాలని స్థానికులు కోరుతున్నారని. ఇంటి మాట ఎత్తలేదు. మర్నాడు కంటి శిబిరం వార్త కింద చిన్న ముక్కగా వచ్చింది.

చిన్నదైనా పనిచేసింది. మున్సిపాలిటీ నుంచి ఇద్దరు వచ్చారు. రోడ్డు చూశారు, రేకుల వెనక్కి తొంగి చూశారు, ఎర్ర రిబ్బన్ ఒకటి కట్టారు. తిరిగి వెళ్తూ పెద్దమ్మ ఇంటి వైపు తల తిప్పి, “లోపల గోడలు ఎట్లున్నయమ్మా?” అని అడిగారు. ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి, “మంచిగున్నయ్ సారూ,” అంది. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె నన్ను ఒక్క చూపు చూసి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ రోజు నుంచి పెరటిగోడ మీద నుంచి పిలుపు లేదు. నేను పిలిచినా పలకలేదు. ఆమె ఇల్లు పోయేలా చేస్తున్నానేమో అని ఒక భయం, మనుషులు పోయేలా ఊరుకుంటున్నానేమో అని ఇంకో భయం.

శనివారం పొద్దుటి నుంచీ ఎడతెగని వాన. ఎర్ర రిబ్బన్ తెగి బురదలో పడి ఉంది. నేను గొడుగు వేసుకుని కాకా ఇంటికి వెళ్ళాను. నాతో ఒక్కసారి గల్లీలోకి వచ్చి చూడమని, చూసి ఏమన్నా సరే ఇంక అడగనని చెప్పాను. ఆయన విసుక్కుంటూనే కండువా తల మీద వేసుకుని వచ్చాడు.

ఆ గల్లీ పల్లం. ఎంత చిన్న వాన పడినా నీళ్ళు ఆ చివర మోకాలి దాకా నిలవాలి. ఆ రోజు నిలవలేదు. పై నుంచి పారివచ్చిన నీళ్ళన్నీ గల్లీ నడుమకు వచ్చి, పగులులోకి దిగి మాయమైపోతున్నాయి. ఎంత పారినా అది నిండడం లేదు. కాకా వంగి చూశాడు. దారిలో ఉన్న ఒక చెత్తకాగితం కొట్టుకువచ్చి పగులు అంచున ఒక్క క్షణం ఆగి లోపలికి పోయింది. ఆయన అలాగే వంగి ఉండిపోయాడు.

“గిన్ని నీళ్ళు ఎటు పోతున్నయ్?” అన్నాడు చివరికి.

సైట్ లోపల ఏదో పెద్ద బండి కదిలింది. మా కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. ఆయన నా భుజం పట్టుకుని నన్ను పెద్దమ్మ అరుగు వైపుకు లాగాడు.

సాయంత్రానికి ఊరంతా మైకులో చెప్పించాడు, రేపు ఊరేగింపు బడి రోడ్డు మీదుగా పోతుందని. కారణం చెప్పలేదు. ఆ గల్లీలోని ఇళ్ళవాళ్ళు గల్లీ మొదట్లోకి వచ్చి సాక పొయ్యాలన్నాడు. చాలామంది గొణిగారు. అమ్మ బాట మార్చితే ఊరికి అరిష్టమన్నారు. ఎవరివల్ల మారిందో అందరికీ తెలుసు.

ఆదివారం వాన తెరపి ఇచ్చింది. బడి రోడ్డు మీద బోనాలు బారులు తీరాయి. రోడ్డుకు అటువైపు కార్లు ఆగిపోయాయి, మేడల్లోని వాళ్ళు దిగివచ్చి ఫోన్లలో తీసుకున్నారు. పెద్దమ్మ కూడా బోనం ఎత్తుకుని గల్లీ మొదటికి వచ్చింది, నా వైపు చూడలేదు. నేను ఫొటోలు తీశాను, మనుషుల్ని పలకరించాను, కానీ నా చెవులు మాత్రం ఆ గల్లీ వైపే ఉన్నాయి. డప్పు గట్టిగా మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాను.

ఏమీ జరగలేదు. బోనాలు గుడికి చేరాయి, ఫలహారం బండి తిరిగివచ్చింది, గల్లీ అలాగే ఉంది. గుడి మెట్ల మీద ఎవరో నాకు వినపడేలాగే, “పేపరమ్మ ఉత్తగనే అందరినీ పరేషాన్ చేసింది,” అన్నారు. నవ్వులు వినిపించాయి. కాకా నవ్వలేదు గానీ నన్ను చూసి చూపు తిప్పుకున్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే నాకు ఒక ఆలోచన వచ్చింది. ఆ గల్లీ ఖాళీగా ఉన్నప్పుడు కొంచెం కూలినా బాగుండేదేమో, నా మాట నిలిచేది అని. వెంటనే నన్ను నేనే తిట్టుకున్నాను. పెద్దమ్మ ఆ ఇంట్లోనే ఉంది కదా.

తరవాత నాలుగు రోజులు ఎండ కాసింది. రోడ్డు ఆరింది. నాక్కూడా భయం కొంత తగ్గింది. ఒక పొద్దున బియ్యం కడుగుతున్నాను. మా ఆయన డ్యూటీ దిగి వచ్చి పడుకుని ఉన్నాడు. టిప్పర్ వెనక్కి ఎత్తి కంకర కుమ్మరించినట్టు చప్పుడైంది. పేలుడు కాదు, సైరన్ మోగలేదు. ఆ చప్పుడు ఆగకుండా చాలాసేపు సాగింది. ఆ తరవాత రేకులు విరిగిన మోత. గిన్నె అక్కడే వదిలేసి చుట్టూ తిరిగి గల్లీ దగ్గరికి పరిగెత్తాను.

గల్లీ సగం లేదు. నీలం రేకులు లేవు. పెద్దమ్మ రొట్టెలు చేసే అరుగు, మెట్లు, గుమ్మం కింది గడప, ముందు గోడ సగం అన్నీ గుంతలోకి పోయాయి. ముందు గది తలుపు రెక్క గాలిలో వేలాడుతోంది. “పెద్దమ్మా” అని పిలిచాను. జవాబు రాలేదు. అటు నుంచి లోపలికి వెళ్ళే దారి లేదు.

మళ్ళీ మా ఇంటికే పరిగెత్తాను. మా ఆయన అప్పటికే లేచి పెరట్లో నిచ్చెన వేస్తున్నాడు. నేను గోడ ఎక్కి ఆమె పెరట్లోకి దిగాను. వెనక వంటగదిలో పిండి చేతులతో నిలబడి ఉంది పెద్దమ్మ. దెబ్బ ఏమీ తగల్లేదు. ముందు గది వైపు చూస్తోంది. అక్కడ గోడ ఉండాల్సిన చోట వెలుతురు పడుతోంది.

“రా పెద్దమ్మా, పోదాం.”

“తలుపు ఏసి రావాలె.”

“తలుపు లేదు పెద్దమ్మా.”

“గొళ్ళెం పెట్టి వస్త బిడ్డా. ఎవరన్న వస్తరు.”

ఆ గదిలోకి ఒక్క అడుగు వేసింది. నేను రెండు చేతులతో ఆమె నడుము పట్టుకుని వెనక్కి లాగాను. ఆమె నన్ను తొయ్యలేదు, తిట్టలేదు. మనిషంతా ఒక్కసారిగా బరువెక్కి నా మీద వాలిపోయింది. అవతల నుంచి మా ఆయన చేతులు చాచాడు. ఎలాగోలా గోడ దాటించాం. ఆమె చేతుల పిండి మా ఆయన చొక్కా నిండా అంటింది.

అప్పుడు గుర్తొచ్చింది, గుంతలో పనివాళ్ళు ఉంటారు కదా అని. సైట్ గేటు దగ్గర అప్పటికే గుంపు చేరింది. ఆ చిన్న ఇంజినీరు హెల్మెట్ లేకుండా అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తున్నాడు. టిఫిన్ వేళ కావడంతో అందరూ గేటు వైపు షెడ్డులో ఉన్నారట. నీళ్ళ మోటారు దగ్గర ఉండే ఒక్క మనిషి మాత్రం కనిపించడం లేదు. మోటారు మట్టి కింద ఉంది. అతని భార్య సైట్‌లోనే మట్టి తట్టలు మోస్తుంది. ఆమె గుంత అంచు దాకా పోకుండా ఇద్దరు ఆడవాళ్ళు పట్టుకున్నారు. నా ఫోన్ చేతిలోనే ఉంది గానీ ఎత్తలేదు.

ఆ మనిషి రోడ్డు అవతలి టీ కొట్టు నుంచి నడిచి వచ్చాడు, చేతిలో గ్లాసుతో. ఈ గుంపు ఎందుకో తెలియక అందరి ముఖాలూ చూశాడు. అతని భార్య పరిగెత్తుకెళ్ళి అతని వీపు మీద గుద్ది, అక్కడే కూలబడి ఏడ్చింది. ఇంజినీరు రోడ్డు అంచున కూర్చుండిపోయాడు. “అందరూ ఉన్నారండి, అందరూ ఉన్నారండి,” అని ఎవరూ అడక్కుండానే చెబుతూ ఉన్నాడు.

డెస్క్‌కు ఫోన్ చేస్తే మొదట అడిగిన మాట, ఎవరన్నా పోయారా అని. లేదన్నాను. అయితే ఫొటో పెట్టి క్లుప్తంగా పంపమన్నారు. పంపాను.

పెద్దమ్మ అన్నట్టే జరిగింది. అధికారులు వచ్చి ఆమె ఇల్లు నివాసానికి పనికిరాదన్నారు. పక్కనున్న ఇళ్ళకూ నోటీసులు వచ్చాయి. అయితే ఈసారి సైట్ పని కూడా ఆపించారు. ఊరంతా గేటు ముందు కూర్చున్నాక, కాకా ముందుండి మాట్లాడాక, కట్టేవాళ్ళు దిగివచ్చారు. గట్టి కాంక్రీటు గోడ కట్టి, గల్లీని మట్టితో నింపి, పోయిన ఇంటికి బదులు ఇల్లు ఇస్తామన్నారు. గోడ కట్టారు, గల్లీ నింపారు. ఇంటి సంగతి ఇంకా నడుస్తోంది. కాకా నాతో ఆ ఊరేగింపు మాట ఎప్పుడూ ఎత్తలేదు. తరవాతి ఏడాది మాత్రం బోనాలకు ముందే మా ఇంటికి వచ్చి, “ఏ బాటల పోదాం బిడ్డా?” అని అడిగాడు.

పెద్దమ్మ బాచుపల్లిలో కూతురి దగ్గర ఉంటోంది. అక్కడ కాలేజీలు ఎక్కువ కాబట్టి ఆమె అమ్మే రొట్టెలకు గిరాకీ తగ్గలేదు. మొన్నామధ్య వెళ్ళాను. నన్ను కూర్చోబెట్టి రొట్టె, పచ్చిపులుసు పెట్టింది. తింటుంటే పిండి పీట ముందేసుకుని ఎదురుగా కూర్చుంది.

“నువ్వు రాయకున్నా అది పడుతుండె, నాకెరుకే,” అంది. “అయినా ఒక్కోపారి, నువ్వు రాసినందుకే పడ్డదేమో అనిపిస్తది. ఏం జెయ్యాలె, మనసు.”

“నాకు కూడా ఒక్కోసారి గట్లనే అనిపిస్తది పెద్దమ్మా,” అన్నాను.

ఆమె ఇంకో రొట్టె వేసింది. వద్దన్నా వినలేదు.

“ఊర్ల ఏమున్నయ్ ముచ్చట్లు?” అని అడిగింది.

బడికి కొత్త టీచరమ్మ వచ్చిందని చెప్పాను. ఫలానా వాళ్ళ కోడలు ప్రసవించిందని, పిల్ల పుట్టిందని చెప్పాను. బడి వెనక ఖాళీ స్థలానికి ఈ వారమే నీలం రేకులు కట్టారన్న సంగతి నోటి దాకా వచ్చింది. చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. ఆమె చెయ్యి పీట మీద పిండి దగ్గర ఆగింది.

“పోయి చూసినవా?” అంది.

“రోజూ పోతున్న,” అన్నాను.